సైన్స్ బీరువా గారికో ఉత్తరం

గౌరవనీయులైన సైన్స్ సామాన్ల బీరువా గారికి,

నమస్కారాలు. మీ పక్క గదిలో ఐదో తరగతికి పరిసరాల విజ్ఞానం చెప్పే టీచరమ్మని. ఆరేళ్లుగా రోజూ మీ ముందు నుంచే వెళ్తున్నా, మీ తలుపులు తీసి ఉండగా చూసింది రెండుసార్లే. రెండూ తనిఖీ రోజులే. స్టాక్ రిజిస్టర్ ప్రకారం మీ కడుపులో నాలుగు అయస్కాంతాలు, ఆరు భూతద్దాలు, డజను పరీక్షనాళికలు ఉన్నాయి. అన్నింటికీ ఎదురుగా 'బాగున్నవి' అని రాసి ఉంది. వాడితేగా పాడవడానికి! పగిలితే జీతంలో కోస్తారని మా భయం, తాళంచెవి ఎక్కడ పోతుందోనని హెచ్ఎం గారి భయం. మధ్యలో మీరు క్షేమం.

మీరు ఊరికే నిలబడ్డారని మాత్రం అనను. విశాఖ ఉప్పుగాలికి ఇనుము ఎంత తొందరగా తుప్పు పడుతుందో మీ మడతబందులు పిల్లలకి రోజూ చూపిస్తూనే ఉన్నాయి.

మొన్న పెదజాలారిపేట నుంచి వచ్చే ఒకడు పాత స్పీకర్ విప్పి అందులో అయస్కాంతం పట్టుకొచ్చాడు. ఇంకో చేతిలో సంచీడు బీచ్ ఇసుక. ఇసుక ఆరబోసి, అయస్కాంతానికి కాగితం చుట్టి, పైపైన తిప్పాం. నల్లటి రేణువులు ఎగిరొచ్చి మీసాల్లా నిక్కబొడుచుకున్నాయి. తరగతి తరగతంతా బల్లల మీదికెక్కింది. అది మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజమనీ, కొండరాళ్లు అరిగి వాగుల వెంట సముద్రానికి చేరిందనీ చెప్పాను.

"మరి ఇంకా నల్లవి మిగిలిపోయాయి కదా మేడమ్, అవెందుకు అతుక్కోలేదు?"

ఇలాంటి ప్రశ్న మీ ముందు ఎవరైనా, ఎప్పుడైనా అడిగారా? అందులో చాలావరకు ఇల్మనైట్ అనే ఇంకో నల్లటి ఖనిజం, దాన్ని లాగడానికి ఈ అయస్కాంతం బలం చాలదు అన్నాను. ఎర్రగా మెరిసే గార్నెట్ రేణువుల్ని దగ్గరగా చూడాలన్నారు. మీ ఆరు భూతద్దాలూ గుర్తొచ్చాయి. గుండ్రటి సీసాలో నీళ్లు నింపి, అందులోంచి చూశాం.

అంతకుముందు వారం కురుసుర జలాంతర్గామి గొడవ. 2002 నుంచి మన బీచ్‌లో మ్యూజియంగా ఉన్న అంత ఇనుము, ఒకప్పుడు మునిగి మళ్లీ ఎలా తేలేదట? పెన్ను మూతకి కాస్త బంకమట్టి అంటించి, నిండా నీళ్లున్న ప్లాస్టిక్ సీసాలో వేసి బిరడా బిగించాం. సీసా నొక్కితే మూతలోకి నీళ్లెక్కి మునిగింది. వదిలితే లోపలి గాలి నీళ్లని తోసేసింది, తేలింది. రిజిస్టర్‌లో ఎక్కించడానికి ఏమీ మిగల్లేదు, ఒక తడి బెంచీ తప్ప.

ఇంతకీ అసలు సంగతి. ఆ స్పీకర్ అయస్కాంతాన్ని పిల్లలు మీ తలుపుకే అతికించారు, అడ్డుగా ఇసుక బొమ్మల చార్టు పెట్టి. తలుపు తీసినప్పుడు ఊడి పడుతుందేమోనని మొదట కాస్త టెన్షన్ పడ్డాను. తర్వాత నాకే నవ్వొచ్చింది. తీసేదెవరు?

ఇట్లు,
మీ పక్కగది టీచరమ్మ