కౌన్సెలర్లు ఎక్కడి నుంచి వస్తారు?

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023లో ప్రాణాలు కోల్పోయిన 17 ఏళ్ల పశ్చిమ బెంగాల్ విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు చెబుతూ దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలు జారీ చేసింది. వంద లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని నియమించుకోవాలన్నది వాటిలో ఒకటి. ఆ వ్యక్తికి పిల్లల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో తగిన శిక్షణ ఉండాలని కూడా కోర్టు స్పష్టం చేసింది. ర్యాంకుల ఫ్లెక్సీలకు కొదవలేని మన రెండు రాష్ట్రాలకు ఈ ఆదేశం మరీ అవసరం. కానీ అలా శిక్షణ పొందినవారు ఎక్కడున్నారు? ఏ జువాలజీ లెక్చరర్‌కో రెండు రోజుల తరగతులు చెప్పి, గది తలుపుకు 'కౌన్సెలర్' బోర్డు తగిలిస్తే ఆదేశం కాగితం మీద అమలైపోతుంది. మా భయమంతా అదే.

పదో తరగతి పూర్తయితే ఎంపీసీనా, బైపీసీనా అన్న రెండు ప్రశ్నలే వినిపించే ఇళ్లలో సైకాలజీ ఊసే రాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1967లోనే ఆ శాఖ ఏర్పడినా, డిగ్రీలో అది చాలాకాలం బీఏకు తోడుగా వచ్చే మూడో సబ్జెక్టుగానే మిగిలింది. ఇప్పుడు ఆసక్తి పెరిగింది. దానితోపాటు ప్రైవేటు సంస్థల ప్రకటనలూ పెరిగాయి. ఆ ప్రకటనలు చెప్పనిది ఒకటుంది. సైకాలజీలో డిగ్రీ, ఆపై పీజీ చేసినంత మాత్రాన మానసిక రుగ్మతలకు చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టు కాలేరు. 1992 చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలిలో నమోదు కావాలి. అందుకు ఇన్నాళ్లూ ప్రధాన మార్గం బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వంటి చోట్ల, రోగుల మధ్య, నిపుణుల పర్యవేక్షణలో చేసే రెండేళ్ల ఎంఫిల్. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022లో ఎంఫిల్‌ను ఎత్తివేసి, క్లినికల్ సైకాలజీకి, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కు మాత్రం ప్రవేశాలను 2025-26 వరకు పొడిగించింది. సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పవద్దని 2025లో ఆదేశించింది. నిర్ణయాల్లో తర్కం ఉంది. అయితే పట్టణానికి వెళ్లి చదువుకోలేని గృహిణికీ, ఉద్యోగినికీ ఉన్న ఒక్క తలుపూ మూసుకుపోయింది. అందుకు బదులుగా ప్రభుత్వ కళాశాలల్లో సీట్లు పెంచాలన్న ఆలోచన రాకపోవడమే విచారకరం.

ఉపాధి ఆసుపత్రులకే పరిమితం కాదు. కుటుంబ న్యాయస్థానాల్లో కౌన్సెలర్లు, సైనికాధికారుల ఎంపిక బోర్డుల్లో సైకాలజిస్టులు, కంపెనీల మానవ వనరుల విభాగాలు, మేధో వైకల్యం ఉన్న పిల్లలకు సేవలందించే సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ వంటివి ఈ చదువుకు చోటిచ్చేవే. అయినా అసలు కొరత చికిత్సలోనే. వయోజనుల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని నిమ్హాన్స్ 2015-16 జాతీయ సర్వే తేల్చింది. వారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదనీ చెప్పింది.

చదువేమో ఇంగ్లిషులో సాగుతుంది. ఎదుట కూర్చున్న తల్లి మాత్రం "తిండి సహించడం లేదు, గుండె దడగా ఉంటోంది, ఎవరో దిష్టి పెట్టారు" అంటుంది. ఆ మాటల వెనుక ఉన్నది కుంగుబాటా, ఆందోళనా, మరొకటా అని పోల్చుకోవడం పాఠ్యపుస్తకం నేర్పదు. తెలుగు మాట్లాడే రోగుల దగ్గర గడిపిన నెలలు నేర్పుతాయి. ఎర్రగడ్డ, విశాఖ మానసిక ఆసుపత్రులను విశ్వవిద్యాలయ శాఖలతో గట్టిగా జోడించి, పీజీ విద్యార్థులకు అక్కడ వేతనంతో కూడిన శిక్షణ తప్పనిసరి చేయాలి. ఇందుకు కొత్త భవనాలేవీ అక్కర్లేదు.

కౌన్సెలర్ ఉద్యోగం ఏడాది కాంట్రాక్టుగా, అరకొర జీతంతో ఉంటే పీజీ చేసినవారు అటు చూడరు. గురుకులాలతో మొదలుపెట్టి ప్రభుత్వం శాశ్వత పోస్టులు మంజూరు చేయాలి. ప్రైవేటు కళాశాలల విషయంలో ఇంటర్మీడియట్ బోర్డులు ఒక పని వెంటనే చేయవచ్చు. వచ్చే విద్యా సంవత్సరం అనుబంధ గుర్తింపు ఇచ్చే ముందు కౌన్సెలర్ పేరు, విద్యార్హత, శిక్షణ పొందిన చోటు అడిగి తీసుకుని, ప్రవేశాల సమయంలో తల్లిదండ్రులకు కనిపించేలా బోర్డు వెబ్‌సైట్‌లో ఉంచాలి. ఆ గడి ఖాళీగా ఉన్న కళాశాలకు గుర్తింపు ఆపాలి.