గట్టి బుష్ వేస్తే కారు గట్టిదైపోదు

సస్పెన్షన్ ఆర్మ్‌లు బాడీకి కలిసే చోట కుదుపును మింగే మెత్తటి దిమ్మె ఉంటుంది, అదే బుష్. వెనక సస్పెన్షన్ బుష్‌లు మార్చాలి, ఏవి వేయించమంటారు అని ఆన్‌లైన్‌లో ఎవరైనా అడగడమే ఆలస్యం, కింద వరసగా ఒకటే మాట: "పాలీ వేసెయ్ బ్రో, రబ్బరు వేస్ట్." పాలీ అంటే పాలీయూరితేన్, రబ్బరు కన్నా గట్టి పదార్థం. అది రోజూ ఆఫీసుకు వెళ్లే కారా, ట్రాక్ మీద తిప్పే కారా, అసలు పోయిన బుష్ ఏది, ఒక్కరూ అడగరు. జ్వరమని వచ్చినవాడి చెయ్యి కూడా పట్టుకు చూడకుండా ఇంజెక్షన్ పొడిచే రకం వైద్యం ఇది. ఆ ఇంజెక్షన్ నేనూ పొడిపించుకున్నాను కాబట్టే ఈ పోస్టు. కాస్త పొడుగు, ఓపిక ఉంటేనే చదవండి.

నా కారు వయసు మీదపడిన రియర్ వీల్ డ్రైవ్ స్పోర్ట్స్ సెడాన్. పేరు చెప్పను, చెబితే చర్చ బుష్‌లు వదిలేసి బ్రాండ్ మీదికి పోతుంది. వెనక ఒక్కో పక్కన చక్రాన్ని బాడీకి కలుపుతూ పొడవునా ఒక ట్రైలింగ్ ఆర్మ్, దాన్ని అడ్డంగా పట్టుకునే రెండు లింకులు. ట్రైలింగ్ ఆర్మ్ ముందు కొసలో, బాడీకి బోల్టు వేసే చోట పిడికిలంత బుష్ ఒకటి ఉంటుంది. గొడవంతా దానితోనే.

మొదట తేడా తెలిసింది హైవే మీద. లేన్ మారదామని స్టీరింగ్ కొంచెం తిప్పితే కారు తిరిగేది, క్షణం ఆగేది, ఆ తర్వాత వెనక భాగం తన వంతుగా ఇంకొంచెం తిరిగేది. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే మరీ ఘోరం. వెనక సీట్లో ఎవరో కూర్చుని ఇంకో స్టీరింగ్ తిప్పుతున్నారా అనిపించేది. టైర్లేమో అనుకున్నాను. గాలి చూసుకున్నాను. అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించాను, రెండుసార్లూ తెర మీద అంకెలన్నీ పచ్చరంగులోనే వచ్చాయి. రాక ఏం చేస్తాయి? ఆ మెషిన్ కొలిచేది కదలకుండా నిలబడ్డ కారును. బ్రేకు తొక్కినప్పుడు చక్రం ఎటు లాక్కుపోతుందో దానికేం తెలుసు?

చివరికి కారును ర్యాంపు మీదికి ఎక్కించి టార్చి పట్టుకుని కింద దూరాను. లోపలి స్లీవ్ (బోల్టు దూరే లోహపు గొట్టం) చుట్టూ రబ్బరు ఎండిన చెరువు అడుగులా పగిలి ఉంది. పలుగు ఆనించి ఆర్మ్‌ను పక్కకు తోస్తే పగులు నోరు తెరిచింది, వదిలితే మూసుకుంది. అటు పక్క బుష్ కూడా అంతే. వెనక టైర్ల లోపలి అంచు మాత్రమే ఎందుకు అరుగుతోందో అప్పుడు అర్థమైంది.

చిన్న లెక్క వేసుకోండి. చక్రం మధ్య నుంచి ఆ బుష్ 400 మిల్లీమీటర్ల ముందు ఉందనుకుందాం. అది పక్కకు 2 మిల్లీమీటర్లు జరిగితే చాలు, చక్రం దిశ దాదాపు 0.3 డిగ్రీలు మారిపోతుంది. 0.3 డిగ్రీలేనా అనకండి. అలైన్‌మెంట్‌లో టో, అంటే చక్రం లోపలికో బయటికో చూసే కోణం, సరిచేసేది డిగ్రీలో 60వ వంతు లెక్కన. మెషిన్ దగ్గర గంటసేపు తంటాలుపడి సాధించినదాన్ని అరిగిన రబ్బరు ఒక్క బ్రేకులో తుడిచేస్తుంది.

సరే, మార్చాలి. అందరూ చెప్పారని పాలీయూరితేన్ బుష్‌లు కొన్నాను. వేయడం సులువు, ఆ మాట ఒప్పుకుంటాను. రెండు ముక్కలుగా వస్తాయి, చేత్తో నొక్కితే దిగుతాయి, మధ్యలో స్టీలు స్లీవ్, ఇచ్చిన గ్రీజు రాయడం, బోల్టు బిగించడం. మొదటి వారం కారు కొత్తగా అనిపించింది. స్టీరింగ్ తిప్పడమే తరువాయి, వెనక భాగం వెంటనే వచ్చేది. నేనే నలుగురికి ఫోన్ చేసి మీరూ వేయించండని చెప్పాను. ఆ నలుగురికీ ఇక్కడే క్షమాపణలు.

తర్వాత కిర్రుమనడం మొదలైంది. ఎత్తుపల్లం దాటిన ప్రతిసారీ తుప్పుపట్టిన తలుపు బందులా ఒకటే మూలుగు. విప్పి గ్రీజు రాస్తే కొన్నాళ్లు నోరు మూసుకుంటుంది, మళ్లీ మామూలే. చప్పుడైతే పాట పెట్టుకుని భరించేవాణ్ని. కానీ మలుపులో గతుకు తగిలితే వెనక చక్రం రోడ్డును అంటిపెట్టుకోకుండా ఎగిరి పక్కకు పడడం మొదలుపెట్టింది. పాత పగిలిన రబ్బరుతో కూడా అలా చేయలేదు.

ఎందుకంటే, చక్రం పైకి లేచినప్పుడు ట్రైలింగ్ ఆర్మ్ తన ముందు కొస చుట్టూ ఒక వంపులో తిరగాలనుకుంటుంది. అడ్డ లింకులేమో వాటి లోపలి కొసల చుట్టూ ఇంకో వంపులో చక్రాన్ని లాగుతాయి. ఈ రెండు దారులూ కలవవు. ఆ తేడాను మింగాల్సింది ముందున్న బుష్. అంటే అది ఒక అక్షం మీద తిరిగితే సరిపోదు, కొంచెం వాలాలి కూడా. రబ్బరు వాలుతుంది. స్టీలు స్లీవ్ మీద బిగుతుగా కూర్చున్న పాలీ చక్కగా తిరుగుతుంది గానీ వాలమంటే మొండికేస్తుంది. ఆ మొండితనం ఊరికే పోదు. కొంత అదనపు స్ప్రింగులా పనిచేసి చక్రాన్ని ఎగరేస్తుంది, మిగతాది బ్రాకెట్ మీదికి, అక్కణ్నుంచి బాడీ రేకు మీదికి పోతుంది. రేకు పగిలితే వెల్డింగ్ తప్ప దారి లేదు. బుష్ అయితే మళ్లీ కొనుక్కోవచ్చు.

"రబ్బరు వేసేది ఖర్చు తగ్గించుకోవడానికి, సుఖం కోసం" అనేవాళ్ల మీద నాకు అందుకే ఒళ్లు మండుతుంది. బుష్ ఎటు ఎంత సాగాలో లెక్కగట్టి తయారుచేస్తారు. కొత్త రబ్బరు బుష్‌ను చేతిలోకి తీసుకుని చూడండి, చాలావాటిలో రెండు పక్కల ఖాళీలు కనిపిస్తాయి. ఖాళీ ఉన్న దిక్కున మెత్తగా, లేని దిక్కున గట్టిగా ఉండాలని అలా పోస్తారు. గతుకు తగిలినప్పుడు చక్రం కొంచెం వెనక్కి పోవాలి, మలుపులో మాత్రం పక్కకు జరగకూడదు. ఒకే ముక్క రెండు పనులూ చేస్తుంది. అందుకే ఆ ఖాళీలు ఏ కోణంలో ఉండాలో బుష్ మీద గుర్తు ఉంటుంది. ఆ గుర్తు చూడకుండా ప్రెస్‌లో దించేస్తే ఎంత మంచి బుష్ అయినా దండగే.

1977లో వచ్చిన పోర్షే 928 వెనక సస్పెన్షన్ గురించి చదివితే నా బాధ అర్థమవుతుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడో బ్రేకు వేసినప్పుడో బుష్‌లు సాగి వెనక చక్రాలు బయటి వైపు చూడడం అప్పట్లో పెద్ద తలనొప్పి. వాళ్లు బుష్‌లను రాయిలా గట్టిచేసి ఊరుకోలేదు. అదే బలానికి చక్రం లోపలి వైపు తిరిగేలా ఆర్మ్ ముందు భాగంలో చిన్న లింకు పెట్టారు. వైసాక్ యాక్సిల్ అని పేరు దానికి. సాగే గుణాన్నే పనికి పెట్టుకున్నారన్నమాట. మనం డబ్బిచ్చి మరీ ఆ గుణం తీసిపారేస్తాం.

గట్టిదనాన్ని కొలిచే షోర్ ఎ అంకెల పోటీ ఇంకొకటి. కారు బుష్‌లలో రబ్బరు సాధారణంగా 50 నుంచి 70 మధ్య, పాలీ 80 నుంచి 95 మధ్య ఉంటుంది. నాది 95 అని మీసం మెలేసేవాళ్లను చూశాను. అది పదార్థం గట్టిదనానికి కొలత. బుష్ ఎంత సాగుతుందనేది దాని ఆకారం, మందం, ఖాళీలను బట్టి కూడా ఉంటుంది. అన్నట్టు, పాలీకి చావు లేదనే మాట కూడా సగమే నిజం. ఎస్టర్ రకం పాలీయూరితేన్ తేమకు క్రమంగా విరిగిపోతుంది, ఈథర్ రకం తట్టుకుంటుంది. కొన్న డబ్బా మీద ఏ రకమో రాసి ఉందా? నా డబ్బా మీద లేదు.

పాలీ ఎక్కడా పనికిరాదని కాదు. యాంటీరోల్ బార్ (మలుపులో కారు ఒరగకుండా పట్టే కడ్డీ) మౌంట్లలో వేసుకోండి, అక్కడ బార్ ఒకే అక్షం మీద మెలితిరుగుతుంది. రెండు కొసలూ ఒకే గీత మీద తిరిగే ఆర్మ్‌లలో కూడా బాగానే ఉంటుంది. డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు ఇంజిన్ బలాన్ని పంచే గేర్ల పెట్టె) మౌంట్‌కు వేస్తే గేరు పళ్ల ఊళ నేరుగా క్యాబిన్‌లోకి వస్తుంది, ఇష్టమైతే మీ ఇష్టం. ట్రాక్ కారైతే నేరుగా మోనోబాల్‌కు వెళ్లిపోండి. లోహపు గుండు కాబట్టి అన్ని వైపులా వాలుతుంది, పక్కకు మాత్రం వెంట్రుకవాసి కూడా జరగదు. దుమ్ము, నీళ్లు చేరితే తొందరగా వదులై టకటకలాడుతుంది, అంతే. రోజూ తిరిగే కారుకు రబ్బరు వేసుకుని, కొంచెం పదును కావాలనుకుంటే బుష్ రెండు పక్కలా పెట్టే లిమిటర్ రింగులు చూడండి. పక్కకు జరగడాన్ని ఆపుతాయి, తిరగడాన్ని ఆపవు. నాకు నచ్చిన రాజీ అదే.

పాలీ పీకేసి రబ్బరు వేయించాక నా కష్టాలు తీరాయనుకున్నారా? ఈసారి పని ఒక గ్యారేజీకి అప్పజెప్పాను. ఏడాది తిరగకుండానే రబ్బరు చిరిగింది. "చూశావా, రబ్బరంటే ఇంతే" అని పాలీ భక్తులంతా పండగ చేసుకున్నారు. తప్పు రబ్బరుది కాదు, బోల్టు బిగించిన తీరుది.

పాలీ లోపలి స్లీవ్ మీద జారుతూ తిరుగుతుంది. రబ్బరు అలా తిరగదు. లోపలి స్లీవ్‌కూ బయటి స్లీవ్‌కూ అతుక్కుని ఉంటుంది కాబట్టి మెలితిరుగుతుంది, అంతే. బోల్టు బిగించిన క్షణంలో ఆర్మ్ ఏ కోణంలో ఉందో అదే దానికి సున్నా. కారును లిఫ్టు మీద పెట్టి చక్రాలు గాలిలో వేలాడుతుండగా బిగిస్తే ఆ వేలాడే స్థితే సున్నా అవుతుంది. కిందికి దించగానే బుష్ 15 డిగ్రీలో 20 డిగ్రీలో మెలితిరుగుతుంది, కారు పార్కింగ్‌లో నిద్రపోతున్నా మెలితిరిగే ఉంటుంది. దాని మీద ప్రతి గతుకూ అదనం. తడిబట్ట పిండి, విప్పకుండా, రోజంతా అలాగే పట్టుకున్నట్టు. చిరగక ఏం చేస్తుంది?

కాబట్టి జాకీ పెట్టకముందే, కారు నేల మీద ఉండగా చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. బుష్ వేశాక ఆర్మ్‌ను జాకీతో అంత ఎత్తుకు లేపి అప్పుడు టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) బిగించాలి. లేదా కారు చక్రాల మీదే నిలబడే ర్యాంపు మీద బిగించాలి. కొన్ని కార్లలో బ్రాకెట్‌ను ఆర్మ్‌కు ఏ కోణంలో పెట్టి బిగించాలో సర్వీస్ మాన్యువల్‌లోనే ఉంటుంది. నేను మెకానిక్ పక్కనే నిలబడి ఈ ముక్క చెబితే "ఇన్నేళ్లుగా ఎప్పుడూ ఇలా చేయలేదు సార్" అన్నాడు. మరి ఇన్నేళ్లుగా ఎన్ని బుష్‌లు చిరిగాయో లెక్కపెట్టావా బాబూ అని అడగాలనిపించింది. టార్క్ రెంచ్ ఇంకా అతని చేతిలోనే ఉంది కాబట్టి అడగలేదు.

మిగతావి టకటకా చెప్పేస్తాను. బుష్ మీద తయారీ తేదీ అచ్చు ఉందేమో చూడండి, ఏళ్ల తరబడి అల్మరాలో ఎండిన రబ్బరు కొత్త డబ్బాలో ఉన్నా కొత్తది కాదు. రెండు పక్కలా ఒకేసారి మార్చండి. రబ్బరు దించడానికి సబ్బునీళ్లు చాలు, మామూలు గ్రీజు, నూనె తగిలితే సహజ రబ్బరు ఉబ్బిపోతుంది. పాత బుష్‌ను కాల్చి తీసేవాళ్లను ఆపండి, ఆ పొగ విషం. బయటి స్లీవ్‌ను హాక్సా బ్లేడుతో జాగ్రత్తగా కోసినా వస్తుంది. ఒక్కసారే వాడాల్సిన బోల్టులని మాన్యువల్ చెబితే కొత్తవి కొనండి. అంతా అయ్యాక అలైన్‌మెంట్ తప్పనిసరి.

ఇప్పుడు నా కారులో మూడో సెట్టు ఉంది. రబ్బరు, లిమిటర్ రింగులు, నేల మీది ఎత్తులో బిగించిన బోల్టులు. లేన్ మారితే ఒక్కసారే మారుతోంది. మొన్న మళ్లీ టార్చి పట్టుకుని దూరి చూశాను, నల్లగా, నున్నగా, ఎక్కడా గీత లేదు. పాలీ సెట్టు మాత్రం అల్మరాలో పడి ఉంది. ట్రాక్ కారు ఉన్నవాళ్లెవరైనా కావాలంటే మెసేజ్ పెట్టండి, ఊరికే ఇచ్చేస్తాను. గ్రీజు మీరే తెచ్చుకోవాలి, నాది అయిపోయింది.