చెరువు మారినా 2.8 మారదు

సుస్థిరాభివృద్ధి గురించి వినాలంటే ఏ కాలేజీలోనైనా చేరవచ్చు. కళ్లారా చూడాలంటే మాత్రం ప్రభుత్వ యూనివర్సిటీలోనే పర్యావరణ శాస్త్రం ఎమ్మెస్సీ చేయాలి. చేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

1987లో బ్రంట్లాండ్ కమిషన్ ఇచ్చిన నిర్వచనాన్ని మొదటి క్లాసులోనే బోర్డు మీద రాశారు: నేటి అవసరాలు తీర్చుకుంటూనే రాబోయే తరాల అవసరాలకు లోటు రానివ్వకపోవడం. మా డిపార్ట్‌మెంట్ దీన్ని ఎంత నిష్ఠగా పాటించిందంటే, ల్యాబ్‌కి కొన్న స్పెక్ట్రోఫోటోమీటర్‌ని అట్టపెట్టెలోంచి తీయలేదు. మేమే వాడేస్తే రాబోయే బ్యాచ్‌లకు ఏం మిగులుతుంది? యూనివర్సిటీలకు గ్రేడులిచ్చే నాక్ బృందం వచ్చినప్పుడు మాత్రం, ముక్కోటి ఏకాదశికి ఉత్తర ద్వారం తెరిచినట్టు, ఆ పెట్టె తెరిచారు. దణ్ణం పెట్టుకుని బయటికొచ్చాం.

ప్రొఫెసర్లు రిటైరైన కొద్దీ వాళ్ల గదులను పావురాలకు వదిలేశారు. జీవవైవిధ్యం ప్రాక్టికల్స్ అక్కడే. మిగిలిన గెస్ట్ లెక్చరర్ ఒక్కరే నాలుగు పేపర్లు చెప్పేవారు, జీతం ఎప్పుడొస్తుందో తెలియకుండా. తక్కువ వనరులతో ఎక్కువ ఉత్పత్తి అనే పాఠం ఆయన చెప్పక్కర్లేదు, ఆయన చొక్కా కాలర్ చూస్తే చాలు.

జూన్ 5న, పర్యావరణ దినోత్సవానికి, ‘ప్లాస్టిక్‌ను తరిమికొడదాం’ అని ఫ్లెక్సీ కట్టేవాళ్లం. 2022 జూలై నుంచి 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు నిషేధం. మాది అంతకంటే మందం, చట్టానికి లోబడిన ఫ్లెక్సీ. పైగా ఏడాది అంకె మీద కాగితం అతికించి ఏటా అదే వాడాం.

అసలు ఘనత బీఓడీ పరీక్షది. నీళ్లలో కుళ్లే సరుకు ఎంత ఉందో తేల్చాలంటే నమూనాని 20 డిగ్రీల దగ్గర 5 రోజులు చీకట్లో ఉంచాలి. మా ఇంక్యుబేటర్ ఏనాడో మూలపడింది. అయినా ఎవరికీ టెన్షన్ లేదు, సీనియర్ల రికార్డు ఉందిగా. క్యాంపస్ వెనక చెరువు బీఓడీ లీటరుకు 2.8 మిల్లీగ్రాములు. ఆ 2.8 వాళ్లకి వాళ్ల సీనియర్లు ఇచ్చారు, వాళ్లకి ఇంకెవరో. ఈ మధ్యలో హాస్టల్ మురుగు ఆ చెరువులో కలిసింది, గుర్రపుడెక్క కమ్మేసింది, ఒక వేసవిలో చేపలు వెల్లకిలా తేలాయి. 2.8 చెక్కుచెదరలేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో స్నానాలు చేసే నీటికి బీఓడీ 3 దాటకూడదు. కాబట్టి మా రికార్డు ప్రకారం అందులో నిక్షేపంగా మునగొచ్చు. (నేను మునగలేదు. వాసనకి గట్టు దాకా కూడా వెళ్లలేదు.)

ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన పెద్దాయన ఆ పేజీ దగ్గర కాసేపు ఆగారు. నాకు చెమటలు పట్టాయి. ఆయన చిన్నగా నవ్వి, ‘ఇంకా 2.8యేనా?’ అని సంతకం పెట్టారు. ఆయనా ఇక్కడ చదివినాయనేనట.

మొన్న జూనియర్ ఒకడు ఫోన్ చేశాడు. ‘అన్నా, చెరువు పూడ్చేసి పార్కింగ్ చేస్తున్నారు. రేపే రికార్డు సబ్మిట్ చేయాలి, బీఓడీ ఎంత రాయను?’

2.8 రాయమన్నాను.