బాబాయ్ రూలు, కోటా బియ్యం బస్తా

గవర్నమెంటు సొమ్ముతో తినేవాళ్ళు ఏం తినాలో గవర్నమెంటే చెప్పాలని మా బాబాయ్ సిద్ధాంతం. పాలకొల్లు పక్కన మా ఊళ్ళో ఈ విషయం మీద ఆయనతో వాదించి గెలిచినవాడు లేడు, ఎందుకంటే అవతలివాణ్ణి ఆయన మాట్లాడనివ్వడు.

మొన్న కనుమ నాడు అరుగు మీద కాఫీలవుతున్నాయి. కొత్తల్లుడు ఫోన్ చూస్తూ, అమెరికాలో పేదవాళ్ళ తిండికి సర్కారిచ్చే ఫుడ్ స్టాంపుల కార్డు మీద కొన్ని రాష్ట్రాల్లో కూల్‌డ్రింకులు ఆపేస్తున్నారనీ, 2025లో ముందుగా నెబ్రాస్కా అనే రాష్ట్రానికి ఆ పర్మిషన్ దొరికిందనీ అన్నాడు. ఇక చూడండి.

"మరీ? అలా ఉండాలండీ! ఊరికే ఇస్తుంటే కోకాకోలా తాగుతారా?"

"మందు, సిగరెట్లు మొదట్నుంచీ కుదరదు మావయ్యగారూ. వేడివేడి కోడి కూడా మామూలుగా కొనకూడదు. అదే కోడి చల్లారాక అమ్మితే కొనుక్కోవచ్చు."

"చల్లారిన కోడి ఎవరు తింటారు నాయనా," అంది వంటింట్లోంచి పిన్ని. అసలు రూలు రాసినవాళ్ళని అడగాల్సిన ప్రశ్న అదే.

ఇంతలో వీధిలో మోపెడ్ హారన్. కోటా బియ్యం కొనే అతను. చెప్పడం మర్చిపోయాను, బాబాయ్‌కీ రైస్ కార్డుంది. మనిషికి నెలకి ఐదు కిలోలు, 2023 నుంచి అదీ ఉచితం. డిపోలో వేలిముద్ర వేసి తెచ్చుకోవడం, కొన్ని ఇడ్లీ పిండికి, కొన్ని కోళ్ళకి, మిగతాది కిలో పన్నెండుకి ఈ మోపెడ్‌కి. దాళ్వాలో మన చేలోనే పండిన ముతక రకం మిల్లుకెళ్ళి, గోడౌనుకెళ్ళి, మన గుమ్మంలోకే వస్తే మనమే వద్దని అమ్మేస్తాం, తినడానికి సన్నబియ్యం కొనుక్కుంటాం. సర్కారుకి కిలోకి నలభై దాకా పడుతుందట. 2024లో కాకినాడ పోర్టులో ఓడలో రేషన్ బియ్యం దొరికాయంటే మా ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోలేదు, మనవి కూడా ఉండుంటాయిలే అనుకున్నారు.

"ఏవండీ, మూలనున్న బస్తా ఇచ్చేయండి!" అని పిన్ని కేకేసింది. వంటింటి పక్క గదికి నాలుగు మూలలుంటాయి, బాబాయ్ నోటి నిండా నెబ్రాస్కా ఉంది. దగ్గరున్న మూలలోది లాగి, తూయించి, మూడొందలు జేబులో పెట్టుకుని, ఎక్కడ ఆపాడో అక్కడి నుంచే మళ్ళీ మొదలెట్టాడు. "డబ్బే ఇస్తే తాగేస్తారండీ, అందుకే బియ్యమే ఇవ్వాలి!"

అల్లుడు ఆయన జేబు కేసి చూసి కాఫీ తాగేశాడు. మంచి కుర్రాడు.

పదకొండింటికి పిన్ని గిన్నెలో బియ్యం పోసి కడుగుతుంటే పైన కొన్ని గింజలు తేలాయి. బాబాయ్ తొంగి చూసి "ప్లాస్టిక్ బియ్యం! మిల్లువాడు మోసం చేశాడు!" అని లేచి చొక్కా తొడుక్కున్నాడు, మిల్లుకి వెళ్ళిపోవడానికి.

"ప్లాస్టిక్ కాదు మావయ్యగారూ," అన్నాడు అల్లుడు, "పోషకాలు కలిపిన గింజలు. ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 ఉంటాయి, నూటికొకటి చొప్పున కలిపారు. కాకపోతే అవి డిపో బియ్యంలో కదా ఉండేది..."

పిన్ని చేతిలో చెంబు జారింది. ఏడాది పాటు పండక్కని, అల్లుడికని దాచిన పాత సోనామసూరి, పాతిక కిలోలు, పన్నెండు రూపాయల లెక్కన మోపెడెక్కి పోయాయి. ఆ తర్వాత పిన్ని ఏమందో రాయను, కొత్తల్లుడి ముందు అనాల్సినవి కావు. కనుమ నాడు కొట్లు తీయరు. నాటుకోడి పులుసులో కోటా అన్నమే వడ్డించారు. అల్లుడు రెండోసారి పెట్టించుకున్నాడు, మర్యాదకో ఆకలికో తెలీదు. బాబాయ్ మాత్రం ముద్ద ముద్దకీ నీళ్ళు తాగాడు.

నన్నడిగితే బియ్యమిచ్చినా, కార్డిచ్చినా, అందులో పప్పెంతో, పకోడీ ఎంతో ఆ ఇంటి ఇల్లాలే తేలుస్తుంది. నెబ్రాస్కా అయినా అంతే అయ్యుంటుంది. ఈ మాట బాబాయ్‌తో అనలేదు, ఆయన అప్పటికే ఫోన్లో మోపెడతన్ని బతిమాలుతున్నాడు.

స్పీకర్లో అతని గొంతు మాకందరికీ వినిపించింది. "ఆయ్, ఆ బియ్యాలాండీ? సంచి విప్పి చూస్తే బాగున్నాయని మా ఇంట్లోనే దింపేసుకున్నామండి. అన్నం మల్లెపువ్వేనండి. వచ్చే నెల కూడా కోటాలో ఇవే ఇస్తే చెప్పండి, కిలోకి ఇంకో రూపాయి వేసిస్తాను."