రూపాయి బిళ్ల అడ్డం పెట్టి చూడండి

డ్రిల్ ప్రెస్‌కు (స్టాండుకు నిలువుగా బిగించిన డ్రిల్లింగ్ మిషన్) మార్టైజింగ్ అటాచ్‌మెంట్, అంటే బోలు చదరపు ఉలి, దాని లోపల తిరిగే బిట్టు ఉండే సెట్టు బిగిస్తే, కర్రలో చదరపు బొక్కలకు వేరే మిషనే అక్కర్లేదని ఒకరు రాశారు, అది సగమే నిజం అన్నా. హన్మకొండలో మా షాపులో టేకు దర్వాజకు మొదటి బొక్క వేసినప్పుడే పొగ లేచి 12 ఎం.ఎం. ఉలి కొస నీలంగా మాడింది. తప్పు నాదే, లోపల తిరిగే బిట్టును ఉలి అంచుకు ఆనించి బిగించాను. ఉలి పైభాగానికి, దాన్ని పట్టుకునే హోల్డర్‌కు మధ్య రూపాయి బిళ్ల అడ్డం పెట్టి, బిట్టును ఉలికి ఆనేదాకా పైకి నెట్టి చక్ (బిట్టును పట్టుకునే భాగం) బిగించి, తర్వాత బిళ్ల తీసేసి ఉలిని పైకి తోస్తే బిట్టుకు, ఉలికి మధ్య సుమారు ఒకటిన్నర ఎం.ఎం. సందు వస్తుంది, పొట్టు సాఫీగా బయటికి పోతుంది. ఇంకోటి, బొక్కలు వరసగా ఆనించి వేయొద్దు, మధ్యలో కొంచెం కర్ర వదిలి వేసి దాన్ని తర్వాత తీయాలి, లేదంటే ఉలి ఖాళీ వైపు వంగుతుంది. టేకుకే హ్యాండిల్ మీద వేలాడాల్సి వస్తోంది, ఇక తుమ్మ జోలికి మాత్రం పోకండి.