టీకా మానేసి పసుపు కలిపితే కొక్కెర తెగులు ఆగదు

బ్రాయిలర్ రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. కిలో దాణాకు 5 గ్రాముల చొప్పున పసుపు, దాంతోపాటు వెల్లుల్లి, నేలవేము పొడి కలిపితే కొక్కెర తెగులు (రాణిఖేత్), గంబోరో అనే వైరస్ జబ్బులు కోళ్లకు రావట, టీకాలు మానేయొచ్చట, పైగా కోడి ఎక్కువ తూగుతుందట. మూలికలంటే నాకు చిన్నచూపు లేదు, దాణాలో పసుపు నేనూ కలుపుతాను. కానీ టీకా మానేయమన్న ఆ ఒక్క మాట వింటే చాలు, షెడ్డు ఖాళీ అయిపోతుంది.

"పసుపు వైరస్‌ను చంపేస్తుంది" అంటున్నారు. ల్యాబ్‌లో కణాల మీద నేరుగా వేసినప్పుడు పసుపులోని కర్క్యుమిన్ అనే పదార్థం కొన్ని వైరస్‌లను అణచిన మాట నిజమే. మరి కోడికి అందేదెంత? పసుపులో కర్క్యుమిన్ సుమారు 3 శాతం. 5 గ్రాముల్లో 150 మిల్లీగ్రాములు. రోజుకు 30 గ్రాముల దాణా తినే పిల్లకు దక్కేది నాలుగున్నర మిల్లీగ్రాములు. అందులోనూ చాలావరకు రక్తంలోకి ఎక్కకుండానే రెట్టలో పోతుంది.

"మూలికలు ఇమ్యూనిటీ పెంచుతాయి, ఇక టీకా దేనికి?" అన్నది అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట. తల్లి నుంచి వచ్చిన రక్షణ రెండు మూడు వారాల్లో కరిగిపోతుంది. ఫలానా వైరస్‌ను గుర్తుపట్టి ఎదుర్కొనే యాంటీబాడీలు ఆ తర్వాత టీకా వల్లే రావాలి. గంబోరో అయితే మలద్వారం పైనుండే బర్సా అనే సంచినే దెబ్బతీస్తుంది. యాంటీబాడీలు చేసే కణాలు తయారయ్యేది అక్కడే. అది చిన్న వయసులో పాడైతే ఆ తర్వాత కొక్కెర తెగులుకు వేసే లసోటా టీకా కూడా సరిగా పట్టదు. మూలికలు తిన్న కోళ్లలో యాంటీబాడీలు పెరిగాయని కొన్ని ప్రయోగాల్లో తేలిన మాట వాస్తవం. అయితే అలా తేలింది టీకా వేసిన కోళ్లలో. మెసేజ్‌లో ఆ ముక్క లేదు.

"టీకా వేశాకే కోళ్లు తుమ్ముతున్నాయి" అంటారు. లసోటా బతికున్న వైరస్‌తో చేసిన టీకా కాబట్టి కొన్ని రోజులు తుమ్ములు మామూలే. టీకా పట్టకపోవడానికి కారణం తరచుగా మన చేతుల్లోనే ఉంటుంది. క్లోరిన్ నీళ్లలో కలిపితే మందు చచ్చిపోతుంది. మేం టీకా కలిపిన నీళ్లలో నీలం రంగు వేసి ఇచ్చి, కాసేపటికి షెడ్డు నాలుగు మూలలా కోళ్లను పట్టుకుని ముక్కు తెరిచి చూస్తాం. నాలుక నీలంగా లేకపోతే ఆ కోడికి టీకా అందనట్టే.

ఇక బరువు సంగతి. వైరస్ సోకితే ముందు బక్క కోళ్లు పోతాయి, మిగిలినవాటి సగటు దానంతటదే పెరుగుతుంది. వెయ్యి కోళ్లు 1.9 కిలోల చొప్పున 1,900 కిలోలు. రెండొందల యాభై చచ్చి, మిగిలినవి 2.1 కిలోలు తూగినా వచ్చేది 1,575 కిలోలే. చచ్చినవి తిన్న దాణా ఖర్చు అదనం. మూలికల వల్లే పెరిగాయో లేదో తేలాలంటే అదే షెడ్డులో అడ్డంగా వల కట్టి, ఒకే బ్యాచ్ పిల్లల్ని రెండు భాగాలు చేసి తూచాలి. టీకాలన్నీ వేసిన బ్యాచ్‌లో అరుగుదలకు, మేత తగ్గకుండా ఉండటానికి మూలికలు కొంత సాయపడొచ్చు. వేపాకు ఎక్కువైతే చేదుకి కోడి దాణా ముట్టదు.

ఒక్కసారిగా కోళ్లు రాలిపోతుంటే కషాయాలు కాస్తూ కూర్చోవద్దు. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గరి వేల్పూరులో అలా చచ్చిన కోళ్లలో తేలింది బర్డ్ ఫ్లూ. కాబట్టి చచ్చినదాన్ని కోసి చూడకండి, పక్క ఊరికి అమ్మకండి. షెడ్డులోకి ఎవర్నీ రానివ్వకుండా వెంటనే పశువైద్యుడికి ఫోన్ చేయండి.