84 డిగ్రీల గీతకు అటూ ఇటూ: డ్రోన్ ఫొటో తన చోటు తానే చెప్పుకోగలదా?

వంశధార పొంగి మడులు మునిగినప్పుడు ముందు తేలాల్సింది నీరు ఏ ఊళ్ళో ఎందాకా వచ్చిందన్నదే. ఆ పనికి డ్రోన్ ఫొటో ఫైల్లో ఉన్న మెటాడేటా చాలు. అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, కెమెరా దిశ అన్నీ అందులోనే ఉంటాయి. వాటితో వందల ఫొటోలను ఒక చిన్న ప్రోగ్రామే మ్యాప్ మీద పరిచేస్తుంది. అయితే అదే మ్యాప్ పట్టుకుని గట్టు తగువు తీర్చబోతే రైతుకు అన్యాయం జరుగుతుంది.

లెక్క కష్టమేమీ కాదు. ఫాంటమ్ 4 ప్రో డ్రోన్ కెమెరా సెన్సర్ వెడల్పు 13.2 మిల్లీమీటర్లు, లెన్స్ ఫోకల్ లెంగ్త్ 8.8 మిల్లీమీటర్లు, ఫొటో 5472 × 3648 పిక్సెళ్ళు. 100 మీటర్ల ఎత్తు నుంచి తీస్తే ఫొటోలో 150 మీటర్ల వెడల్పు నేల పడుతుంది, పిక్సెల్‌కు 2.74 సెంటీమీటర్లు. మెటాడేటాలో 35 ఎంఎం ఫిల్మ్‌కు సమానమైన 24 అనే అంకె కూడా ఉంటుంది. పొరపాటున 8.8 బదులు దాన్ని వేస్తే 150 కాస్తా 55 మీటర్లవుతుంది. ఫొటో సైజు తగ్గించాక పాత పిక్సెల్ కొలతే వాడడం ఇంకో తరచు తప్పు.

ఫలితాన్ని ఫొటో పేరుతోనే, అది మ్యాప్ మీద ఎక్కడ, ఎలా పడాలో చెప్పే ఆరు వరుసల వరల్డ్ ఫైల్‌గా రాయాలి. పిక్సెల్ కొలతను దిశ కోణం కొసైన్‌తో గుణిస్తే మొదటి వరుస. సైన్‌తో గుణించి మైనస్ పెడితే రెండు, మూడు వరుసలు. మొదటిదానికే మైనస్ పెడితే నాలుగోది. చివరి రెండూ ఎడమ పై మూల పిక్సెల్ స్థానం. జీపీఎస్ చెప్పేది ఫొటో నడిమధ్య చోటు కాబట్టి, మూలకు వెళ్ళడానికి సగం వెడల్పు, సగం పొడవు లెక్కగట్టాలి.

అసలు చిక్కు మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. స్థానాలను మీటర్లలో చెప్పడానికి భూమిని నిలువు పట్టీలుగా, అంటే జోన్లుగా విడదీసే పద్ధతి యూటీఎం. అందులో 44, 45 జోన్ల సరిహద్దు అయిన 84 డిగ్రీల తూర్పు రేఖాంశం శ్రీకాకుళానికీ నరసన్నపేటకీ మధ్య నుంచి పోతుంది. విజయనగరం, శ్రీకాకుళం పట్టణాలు 44లో, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం 45లో ఉన్నాయి. ప్రతి ఫొటోకూ జోన్ తానే ఎంచుకునే ప్రోగ్రామైతే ఒకే రోజు ఒకే పనిలో తీసిన ఫొటోలను రెండు కుప్పలు చేస్తుంది. వరల్డ్ ఫైల్‌లో జోన్ పేరు రాసే వీలే లేదు. 45లో లెక్కించినదాన్ని 44 అనుకుని తెరిస్తే పలాస తోట వందల కిలోమీటర్ల అవతల తేలుతుంది. అది వెంటనే కనిపించే తప్పు కాబట్టి ఫరవాలేదు.

కనిపించని తప్పు దిశది. ఈ గీత దగ్గర గ్రిడ్ ఉత్తరానికీ (మ్యాప్ గళ్ళ నిలువు గీతలు చూపే దిశకూ) నిజమైన ఉత్తరానికీ సుమారు 0.94 డిగ్రీల తేడా ఉంటుంది, అదీ 44లో ఒకవైపు, 45లో ఇంకోవైపు. సరిచేయకపోతే ఫొటో మూలలు మీటరున్నర జరుగుతాయి. మా సలహా: పనంతటికీ ఒకే జోన్ పెట్టుకోండి. గీత దగ్గర 150 మీటర్లకు వచ్చే సాగుదల సుమారు 12 సెంటీమీటర్లే. వరద మ్యాప్‌కు అది లెక్కలోకి రాదు.

మిగతా తప్పులు ఇంతకన్నా పెద్దవి. కంపాస్ 5 డిగ్రీలు తప్పితే మూలలు దాదాపు 8 మీటర్లు పక్కకు పోతాయి. కెమెరా నిట్టనిలువుకు 5 డిగ్రీలు వంగితే ఫొటో నడిమధ్యే 8.7 మీటర్లు జరుగుతుంది. అందుకే కెమెరా పిచ్ (కిందికి వంగిన కోణం) మైనస్ 90కి దగ్గరగా లేని ఫొటోలను ముందే ఏరేయాలి. ఎత్తు తీసుకునేటప్పుడు డ్రోన్ లేచిన చోటు నుంచి కొలిచిన రిలేటివ్ ఆల్టిట్యూడ్ చూడాలి. 10 మీటర్ల మేడ మీంచి ఎగరేస్తే దానికి ఆ 10 కలపాలి. సముద్రమట్టం పేరుతో ఉన్న మరో ఎత్తును నేలకు ఎత్తు అనుకోకూడదు.

ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే మెటాడేటా మొత్తం పోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా మెమరీ కార్డు నుంచే కాపీ చేయండి. తర్వాత మెటాడేటా చదివే ఎక్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్‌తో అన్ని ఫొటోల వివరాలూ ఒకే పట్టికలోకి తీస్తే ఖాళీ గడులు అక్కడే బయటపడతాయి. డిగ్రీలు, నిమిషాలు, సెకన్లను దశాంశంలోకి మార్చకుండా 18°17′30″ను 18.1730గా రాసుకోవడం కూడా చూస్తుంటాం. దాని సరైన విలువ 18.2917. తేడా 13 కిలోమీటర్లు.

ఉద్దానం లాంటి తోటల్లో ఇంకో సంగతి ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడిమామిడి తోటల్ని నేలమట్టం చేసింది. అలాంటి నష్టాన్ని 100 మీటర్ల ఎత్తు నుంచి తీసిన ఫొటోల్లో లెక్కించేటప్పుడు, నడిమధ్య నుంచి 60 మీటర్ల దూరంలో నిలబడిన 15 మీటర్ల కొబ్బరి చెట్టు తల, దాని మొదలు కన్నా సుమారు పదిన్నర మీటర్లు బయటికి కనిపిస్తుంది. పక్కపక్క ఫొటోల్లో అదే చెట్టు రెండు చోట్ల పడుతుంది, లెక్క పెరిగిపోతుంది. ప్రతి ఫొటోలో నడిమి భాగాన్నే వాడితే ఇది చాలావరకు తగ్గుతుంది.

ఇప్పుడు గట్టు సంగతి. 25 సెంట్ల చదరపు మడి ఒక్కో వైపు సుమారు 32 మీటర్లు. ఫొటో 3 మీటర్లు జరిగితే రెండు సెంట్లకు పైగా నేల పక్కవాడి పేరున కనిపిస్తుంది. సరిహద్దు పనికి నేల మీద కనీసం ఐదు గుర్తులు పెట్టి సెంటీమీటర్లలో కొలిచే జీపీఎస్ పరికరం ఆర్‌టీకే రోవర్‌తో కొలవాలి. 70, 80 శాతం ఒకదానిపై ఒకటి పడేలా ఫొటోలు తీసి, వాటిని వంకరలు సరిచేసి ఒకే చిత్రంగా అతికే ఆర్థోమొజాయిక్ చేయాలి. మెటాడేటాతోనే పరిచిన మ్యాప్‌ను గ్రామసభ ముందు పెట్టేవాళ్ళు, అది ఏ పద్ధతిలో తయారైందో, ఎన్ని మీటర్ల తేడా ఉండొచ్చో దాని మీదే రాసి ఇవ్వాలి.